మన్యపు ఊటలు

విశాఖపట్టణమున కుళాయి త్రిప్పి బిందె నింపుకొను ఇల్లాలికి అనంతగిరి కొండలతో సంబంధము కలదని ఎవ్వరును చెప్పియుండరు. ఆ నగరమునకు తాటిపూడి జలాశయమునుండి నీరు వచ్చుచున్నది. తాటిపూడిని నింపునది గోస్తని. ఆ యేరు అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల క్రిందుగా ప్రవహించి, తాటిపూడికి ఇయ్యగా మిగిలినదానిని భీమునిపట్టణము కడ సముద్రమునకు అర్పించుచున్నది. శారదానది మీది రైవాడ కథయు ఇట్టిదే. కొండలకు పడమట కురిసిన వాన మత్స్యగెడ్డయై, జోలాపుట్ జలాశయమున నిలిచి, సీలేరు, శబరుల మూలమున గోదావరిని చేరును. 1955 నుండి మాచ్‌ఖండ్ విద్యుత్తు ఆ నీటిచలువయే. జలాశయమున మట్టము తగ్గిననాడు మనము వర్షమును నిందించి ఊరకుందుము; కొండ సంగతి విచారింపము.

ఈ కొండలలో హెచ్చుభాగము ఖొండలైటు అను శిల. ఖోందు జాతివారి పేరనే భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి నామకరణము చేసిరి. జాతి పేరు శిలకు దక్కినది గాని, శిలమీది హక్కు జాతికి దక్కుటకు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. లక్షలాది సంవత్సరములు ఎండకును వానకును ఈ శిల మ్రగ్గి, అందలి సిలికాను, క్షారములను నీరు కడిగివేయగా, అల్యూమినియమును ఇనుమును మిగిలి, ఎత్తైన కొండల తలలమీద టోపీవలె బాక్సైటు పొర యేర్పడినది. ఆ పొర రంధ్రములతోను నెఱ్ఱెలతోను నిండినది. దానిక్రింద శిల మెత్తబడి సుద్దమన్నువలె నున్నది. నీరు దానిని త్వరగా దాటజాలదు. కావున పైపొరలోనికి ఇంకిన వాన మెల్లమెల్లగా దిగి, రెండు పొరలు కలియుచోట కొండప్రక్కన ఊటయై వెలువడును. ఊటలు గెడ్డలగును, గెడ్డలు యేరులగును. కొండ తల గొరిగినచో ఊట యేల యెండునో తెలిసికొనుటకు ఇంతకంటె శాస్త్రము అక్కరలేదు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. పైనున్న గట్టి పెంకు నీటిని లోనికి పోనీయదనియు, త్రవ్వి తిరిగి మన్ను నింపి చెట్లు నాటినచో నీరు మునుపటికంటె బాగుగ ఇంకుననియు గనుల పక్షమువారు చెప్పుదురు. అచ్చటచ్చట పెంకు గట్టిదే. కాని నెఱ్ఱెలు లేని పెంకును మేము చూడలేదు. నింపిన మట్టి లక్షల యేండ్లుగా ఏర్పడిన పొరతో సమానమనుటకు సాక్ష్యమేది? వకీలు వృత్తిలో నున్నవాడు అడుగవలసిన మొదటి ప్రశ్న, నిరూపణభారము ఎవరిది యనునది. కొండను మార్పదలచినవానిదే యని మా యభిప్రాయము.

రెండేండ్ల క్రిందట ఏప్రిలు మాసమున అనంతగిరి మండలపు గ్రామమొకదానికి కాలినడకను పోయితిమి. ఊటకు గొట్టము తగిలించి, కొండవాలునే ఆధారము చేసికొని, విద్యుత్తు లేకయే ముప్పదియిండ్లకు నీరు దింపుకొనుచున్నారు. ఒక వృద్ధురాలు, “ఈ ఊట మా అత్తగారి కాలములో ఎండలేదు బాబూ, ఇప్పుడు మాఘమాసానికే సన్నబడిపోతోంది” అని చెప్పినది. ఆమె మాటకు ఏ కచేరిలోను దస్తావేజు లేదు. ఊట ఎంత యిచ్చినది, ఏ నెలలో తగ్గినది, ఎవ్వరును వ్రాసియుంచలేదు.

నేరమంతయు గనులమీదనే మోపుట న్యాయము కాదు. పోడు వ్యవసాయమును గూర్చి మైదానమువారు పలుకు నిందలో కొంత సత్యమున్నది. వాలుమీద చెట్టు కొట్టి కాల్చినచో తొలివానకే మన్ను కొట్టుకొనిపోయి జలాశయపు అడుగున చేరును. కాని పూర్వము ఒకచోట పండించిన పిమ్మట అనేక సంవత్సరములు ఆ చెక్కను బీడు విడిచి, అడవి తిరిగి లేచువరకు ఆగెడివారు. 1882 నాటి మదరాసు అటవీ చట్టము ఆ అడవికి హద్దురాళ్లు వేసినది. చోటు తగ్గినది, బీడు కాలము తగ్గినది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యము లేచుటకు గల కారణములలో ఈ పోడు నిర్బంధము నొకటి. నేడు లక్ష యెకరములకు మించి కాఫీ తోటలు పెరిగినవి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపును లభించినది. నీడచెట్ల క్రింద పెరుగు పంట గనుక, వట్టి పోడుకంటె ఇది మన్నును మేలుగా పట్టును. నీడకు సిల్వరు ఓకునే విరివిగా నాటుట మాత్రము మాకు నచ్చలేదు. పనస, మామిడి, నేరేడు ఏమి పాపము చేసినవి?

ఇక ధర్మశాస్త్రము మాట. 1997 జూలై 11వ తేదీన సుప్రీముకోర్టు సమతా వ్యాజ్యమున తీర్పు చెప్పినది. వ్యాజ్యమునకు మూలము ఈ బొర్రా గ్రామములలోని గనుల కౌళ్లే. షెడ్యూలు ప్రాంతపు ప్రభుత్వ భూములను సయితము గిరిజనేతరులకు కౌలుకియ్యరాదని హెచ్చుమంది న్యాయమూర్తులు తేల్చిరి. త్రవ్వకపు నికరలాభమున కనీసము నూటికి 20 వంతులు నీటివనరులు, పాఠశాలలు, వైద్యశాలలు మొదలగువానికై శాశ్వతనిధిగ నుంచవలెననియు ఆదేశించిరి. అయినను 2015 నవంబరులో జెర్రెల ప్రాంతమున 1212 హెక్టార్ల అడవిని బాక్సైటుకై రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించు ఉత్తరువు పుట్టినది. మన్యమంతయు అడ్డుపడగా 2019లో అది రద్దయ్యెను. 2021లో నాతవరము మండలమున త్రవ్విన రాయి లేటరైటా బాక్సైటా యని మఱియొక వివాదము. పేరేదైనను ఊటకు గొడుగు అదియే గదా!

ఇప్పుడు క్రొత్త ప్రస్తావన వచ్చినది. 2022 నుండి ఎర్రవరము, కురుకుట్టి, కర్రివలస మొదలగుచోట్ల కొండపై నొక జలాశయము, దిగువ నొకటి కట్టి, విద్యుత్తు చౌకగా నున్నవేళ నీటిని పైకెక్కించి, గిరాకి వేళ క్రిందికి వదలి విద్యుత్తు తీయు పథకములు ప్రతిపాదింపబడినవి. సూర్యశక్తిని రాత్రికి దాచుకొను ఉపాయముగా ఇది తెలివైనదే. దీనిని ద్వేషింప మాకు కారణము లేదు. కాని సొరంగములకై శిలను ప్రేల్చినప్పుడు ఊటలను పోషించు నెఱ్ఱెలు ఎటు మరలునో ముందుగ చూచితిరా? నివేదికలలో మునుగు ఎకరముల లెక్క యుండును. ఎండగల ఊటల లెక్క యేది?

ఈ లెక్క అసాధ్యము కాదు. సిక్కిము రాష్ట్రమున 2008 నుండి ధారా వికాస్ అను పేర, ఏ శిలలో ఇంకిన నీరు ఏ ఊటకు చేరునో భూగర్భశాస్త్ర సహాయమున గుర్తించి, ఆ వాలుమీదనే కందకములు త్రవ్వి, ఎండుచున్న ఊటలను తిరిగి పారించుచున్నారు. 2022లో అల్లూరి సీతారామరాజు పేర జిల్లాయే యేర్పడినది. పాడేరు కచేరివారు ప్రతిగ్రామపు ఊటను పటములో గుర్తించి, పన్నెండు నెలలును బిందెతో గడియారముతో కొలిచి, ఆ చిట్టాను గ్రామసభ చేతికియ్యవలెను. కొలుచుటకు ఆ గ్రామపు యువకులే చాలుదురు. ఖర్చులో కొంత, తాటిపూడి నీరు త్రాగు నగరము భరించుట సమంజసము. ఆ చిట్టా ముందుంచని యే పథకమును గ్రామసభ ఎదుటికి తేరాదని మేము కోరుచున్నాము. ఒక యేడాది కొలతలు పూర్తి యగునంతవరకు ఇప్పుడున్న ప్రతిపాదనలనుగూడ ఆపియుంచవలెను.