చెరసాల గోడమీది చేవ్రాత

బొగ్గుముక్కతో గోడమీద గీచిన పిల్లవానిని మందలింపని తల్లి మనలో నుండదు. గోడ మాసినచో ఇంటి యిల్లాలికే మాట వచ్చును గదా! ఆ మందలింపు న్యాయమే. అయినను గోడమీది గీతలన్నియు నొక్క తీరువి కావని బిడ్డలకు తెలియజెప్పు భారమును మనదే.

మేము నివసించు బౌద్ధనగరమునకు సమీపముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమున్నది. అచ్చటి గోడలమీద విద్యార్థుల నినాదములు తరచుగా కనబడును. 2016వ సంవత్సరమున ఈ నగరమునందలి ఎం.ఎస్. మక్తా వాడలో చిత్రకారులు ఇండ్ల గోడలనే పటములుగా జేసికొని రంగులు దిద్దిరి. ఇవి వీథిని బోవు పదిమందియు చూచుటకై వ్రాసినవి. చూచువారు లేని చోట గీచిన గీతలను గూర్చి ఈ నెల ముచ్చటింతుము.

గోలకొండ కోటలో రామదాసు బందిఖాన కలదు. కంచర్ల గోపన్న నేలకొండపల్లివాడు. తానీషా యేలుబడిలో, అనగా 1672కును 1687కును నడుమ, భద్రాచల ప్రాంతమున తహశీలుదారుగా నుండెను. సర్కారు పైకమును రామాలయమునకు వ్యయపరచెనని ఆయనను చెరబెట్టిరి. ఆ చెర పండ్రెండేండ్లని పెద్దలు చెప్పుదురు. చీకటి క్రమ్మిన ఆ గదిలో గోడమీద సీతారామలక్ష్మణుల రూపములును, హనుమంతుని రూపమును చెక్కబడియున్నవి. అవి గోపన్న చేతిపనియే యని తరతరముల నమ్మిక. ఆలయశిల్పముల నగిషీ వానియందు వెదకరాదు. గుడి కట్టించినవానికి గుడి దూరమైనపుడు, ఎదుటనున్న రాతిగోడయే గర్భగుడి యైనది. అంతకు మించిన అందమేల?

ఇట్టిదే మరియొక గోడ నిజామాబాదులో నున్నది. 1948లో అచ్చటి కోటలోని చెరసాలయందు దాశరథి కృష్ణమాచార్యులు నిజాము ప్రభుత్వమును నిందించుచు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెను. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోడి ఖైదీ. మరుసటి యేడు వెలువడిన 'అగ్నిధార'ను కవి ఆ మిత్రునికే అంకితమిచ్చెను. బొగ్గు చెరిగిపోవునది, పద్యము చెరిగిపోలేదు.

ఒకరు భక్తులు, ఒకరు తిరుగుబాటు కవి. ఇరువురకును మిగిలిన ఆస్తి ఒక గోడయే. నాలుగు గోడల నడుమ మనసు నిలుపుకొనుట యెంత కష్టమో స్త్రీలమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు. మన ముంగిట ముగ్గు సయితము దినదినము చెరిగి, దినదినము మరల పుట్టునదే కదా!

ఇక విచారింపవలసిన సంగతి యొకటి కలదు. కోట చూడవచ్చినవారు కొందరు మేకుతోనో, తాళపుచెవితోనో గోడలపై తమ పేరులు గీకి పోవుచున్నారు. గోపన్న తన పేరు చెక్కుకొనలేదు. తన దైవమును చెక్కుకొనెను. సెలవుదినమున వచ్చి గీకువారికి ఏమి కొరత? ఇంటికి బోయిన కాగితములు లేవా? గోలకొండ రక్షిత కట్టడము. 1958 నాటి చట్టమును 2010లో సవరించిన మీదట, ఇట్టి కట్టడమును పాడుచేసినవారికి రెండేండ్ల వరకు కారాగారమో, లక్ష రూపాయల వరకు జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. చెరసాల గోడను గీకి చెరసాలకు బోవుట యెంత వింత!

కావున సోదరీమణులారా, ఇంట పిల్లవానికి పలకయో, పెరటిగోడలో మూరెడు చోటో యిచ్చి, గీచుకొనుమనుడు. కోటకు గొనిపోయినపుడు మాత్రము ఆ గదిముందు నిలిపి, గోపన్న కథ చెప్పి, పిదప లోనికి తీసికొనిపొండు. కథ విన్న చేయి గోడను గీకదు.