వేసవి డ్రమ్ కోర్: ఫీజు కట్టే ముందు ఒంటిని అడగండి

అమెరికాలో ఉన్న మీ అబ్బాయో, అమ్మాయో ఫోన్ చేసి ‘ఈసారి వేసవికి రాలేం, పిల్లాడు డ్రమ్ కోర్‌కు ఎంపికయ్యాడు’ అంటే ఇక్కడున్న తాతయ్యలకు, అమ్మమ్మలకు విషయం సగమే అర్థమవుతుంది. ఆ సగం కూడా కోపమే తెప్పిస్తుంది. ‘లక్షలు పోసి డప్పు కొట్టించడం ఏమిటి? ఆ డబ్బుతో అందరూ ఒకసారి వచ్చి వెళ్లొచ్చు కదా’ అంటారు. అక్కడున్న తల్లిదండ్రుల్లోనూ రెండు రకాల వారు ఉన్నారు. కొందరు చదువు పాడవుతుందని మొదట్లోనే కాదంటారు. మరికొందరు పిల్లలు ముచ్చటపడ్డారు కదా అని క్రెడిట్ కార్డు మీద ఫీజు కట్టి పంపేస్తారు.

ఈ రెండూ తొందరపాటు నిర్ణయాలేనని నా అభిప్రాయం. డ్రమ్ కోర్ పిల్లలకు ఎంతో నేర్పగలదు. కానీ దానికి రెండు రకాల నిల్వలు కావాలి. ఒకటి డబ్బు, రెండోది ఒంటి సత్తువ. మే నెల నాటికి ఈ రెండూ చేతిలో ఉండాలంటే నవంబరు నుంచే కూడబెట్టాలి. ఏ ఒక్కటి తక్కువైనా ఒక ఏడాది ఆగడమే మేలు.

ఇంతకీ ఏమిటిది?

మన పోలీసు బ్యాండ్, ఎన్‌సీసీ కవాతు గుర్తు తెచ్చుకోండి. దానికి ఆటల పోటీ తీవ్రత జోడిస్తే డ్రమ్ కోర్ అవుతుంది. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ కలిసి ఫుట్‌బాల్ మైదానం నిండా పరుగులాంటి నడకతో ఆకృతులు కడుతూ వాయిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మాజీ సైనికుల సంఘాల అండతో ఈ బృందాలు అమెరికాలో పెరిగాయి. 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) ఏర్పడింది. 1972 నుంచి జాతీయ స్థాయి పోటీలు మొదలయ్యాయి. కొన్నేళ్లుగా ఆగస్టులో జరిగే ఫైనల్స్‌కు ఇండియానాపొలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియం వేదిక.

పాల్గొనేది హైస్కూల్, కాలేజీ వయసు పిల్లలే. చలికాలంలో ఎంపిక శిబిరాలు పెడతారు. మే రెండో సగం నుంచి ఒకేచోట ఉంచి సాధన చేయిస్తారు. రోజుకు పది, పన్నెండు గంటల సాధన మామూలే. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఊరూరా పోటీలు. రాత్రి బస్సు ప్రయాణం, స్కూలు వ్యాయామశాల నేల మీద నిద్ర, ట్రక్కు వంటగది భోజనం. ప్రదర్శన పది, పన్నెండు నిమిషాలే. దాని కోసం ఒళ్లు పెట్టే ఖర్చు మాత్రం వేసవంతా సాగుతుంది.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు

పెద్ద బృందాలుండే వరల్డ్ క్లాస్‌లో సీజన్ ఫీజు 5,000 డాలర్లు దాటడం ఇప్పుడు మామూలే. మన లెక్కలో నాలుగు లక్షల రూపాయలకు పైమాటే. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఎంపిక శిబిరం రుసుము, నెలనెలా శిబిరాలకు విమాన టికెట్లు, బూట్లు, చేతి తొడుగులు, డ్రమ్ స్టిక్స్, చేతి ఖర్చులు, ఫైనల్స్ చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్లే ఖర్చు కలిపితే లెక్క ఎక్కడికో పోతుంది. కాగితం మీద ఈ పద్దులన్నీ రాశాకే ‘సరే’ అనండి.

అక్కడి పిల్లల్లో చాలామంది పార్ట్‌టైమ్ పని చేసి ఫీజులో కొంత సంపాదించుకుంటారు. మన వాళ్లలో చాలామందికి ఆ దారి లేదు. తల్లిదండ్రుల హెచ్-1బీ వీసా మీద ఆధారపడి హెచ్-4 వీసాలో ఉన్న పిల్లలకు ఉద్యోగం చేసే అనుమతి ఉండదు. కాబట్టి ‘నీ స్నేహితుడు సంపాదించుకుంటున్నాడు, నువ్వూ సంపాదించుకో’ అని పిల్లల మీద భారం వేయకండి. మరి ఏం చేయాలి? నవంబరు నుంచి మే దాకా ఏడు నెలలు ఉంటాయి. 5,000 డాలర్లను ఏడు భాగాలు చేస్తే నెలకు 700 డాలర్లకు కాస్త పైన పడుతుంది. మీ ఇంటి బడ్జెట్ అప్పు లేకుండా దాన్ని మోయగలదో లేదో మొదటి రెండు నెలల్లోనే తేలిపోతుంది. మోయలేకపోతే జనవరిలోనే తప్పుకోవచ్చు.

ఈ బృందాలు చాలావరకు లాభాపేక్ష లేని సంస్థలు. వాయిదాల్లో కట్టించుకునేవీ, ఉపకార వేతనాలు ఇచ్చేవీ ఉన్నాయి. అడగడానికి మొహమాటం వద్దు. ఓపెన్ క్లాస్ బృందాల్లో సాధారణంగా సీజన్ నిడివీ, ఫీజూ తక్కువ. మొదటి ఏడాదికి అది మంచి మెట్టు.

ఇక పిల్లాడి చదువుకని దాచిన సొమ్ము, తాతయ్య ఆపరేషన్‌కని పక్కన పెట్టిన సొమ్ము దీనికి తీయకండి. ఇల్లు అప్పులో పడిందని తెలిస్తే కాలు నొప్పెడుతున్నా పిల్లలు చెప్పరు. ‘అంత డబ్బు కట్టారు, మధ్యలో ఎలా రాను’ అని నొప్పి మింగుతారు. వైద్యుడిగా నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. చిన్న గాయం పెద్దదయ్యేది ఇలాగే.

ఒంటికి ముందస్తు చెల్లింపు

కొన్ని వాద్యాలు తగిలించుకునే చట్రంతో కలిపి పది కిలోలు దాటతాయి. ఆ బరువుతో వెనక్కి నడిచేటప్పుడు మునివేళ్ల మీద నడవాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాడు ఒక్కసారిగా ఇందులోకి దూకితే పిక్కలు పట్టేస్తాయి, ముంగాలి ఎముక నొప్పెడుతుంది. ఎముకలో వెంట్రుకవాసి చీలిక కూడా రావచ్చు. నడుము, భుజాల సంగతి చెప్పనక్కర్లేదు.

కనీసం పన్నెండు వారాల ముందు మొదలుపెట్టండి. మొదటి నెల వారానికి ఐదు రోజులు వేగంగా నడక, కొద్దిగా పరుగు. రెండో నెలలో పిక్కలు, తొడలు, నడుము, పొట్ట కండరాలు గట్టిపడే వ్యాయామాలు. మూడో నెలలో వాద్యం బరువుతో నడక. ఏ వారానికి ఆ వారం కొద్దికొద్దిగానే పెంచాలి. కొత్త బూట్లు టూర్‌లో మొదటిసారి తొడగకూడదు, ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే ఎముక నొప్పి, విశ్రాంతిలో కూడా తగ్గని నొప్పి ఉంటే వ్యాయామం ఆపి డాక్టర్‌కు చూపించండి.

ఆడపిల్లలకు హీమోగ్లోబిన్, ఐరన్ నిల్వల పరీక్ష చేయించడం మంచిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అమెరికాలో పెరిగినంత మాత్రాన మన పిల్లలకు ఉండదనుకోవద్దు. శాకాహారం తింటూ, నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నవారికి మరీ ముఖ్యం. ఫిబ్రవరిలో తేలితే మే నాటికి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. పిల్లలు శాకాహారులైతే ఆ మాట బృందానికి ముందే చెప్పండి. బీన్స్, పప్పు, వేరుశనగ వెన్న లాంటివి తినడం ఇంట్లోనే అలవాటు చేయండి. రోజంతా శ్రమించే ఒంటికి బ్రెడ్డు, బంగాళదుంప ముక్కలు సరిపోవు.

ఎండతో ఆటలొద్దు

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే నాలాంటి వాళ్లకు ఏప్రిల్, మే నెలలంటే వడదెబ్బ రోజులు. వయసులో ఉన్నవాళ్లకు ఏమీ కాదన్నది అపోహ. ఎండలో శ్రమించే కుర్రాళ్లకు వచ్చే వడదెబ్బ మరింత వేగంగా ముంచుకొస్తుంది. జులైలో టెక్సాస్, జార్జియా మైదానాల వేడి మన వేసవికి ఏమీ తీసిపోదు.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా మైదానంలోకి పంపకండి. చివరి రెండు వారాలు రోజూ కొంతసేపు బయటే వ్యాయామం చేయించి, ఆ సమయాన్ని నెమ్మదిగా పెంచండి. నీళ్లు దగ్గర పెట్టుకోవాలి, తోడుగా ఎవరైనా ఉండాలి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టే. ముదురు రంగులోకి మారితే తక్కువైనట్టు. కోలా రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగని గంటకోసారి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగుతూ, చెమటతో పోయిన ఉప్పును భోజనంతో, మజ్జిగతో, ఓఆర్‌ఎస్‌తో భర్తీ చేసుకోవాలి.

తికమకగా మాట్లాడటం, తూలిపోవడం, కుప్పకూలడం వడదెబ్బ లక్షణాలు. ఒంట్లో వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి మెదడు మీద ప్రభావం పడిందంటే ప్రతి నిమిషమూ విలువైనదే. 911కు ఫోన్ చేస్తూనే ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచి చల్లబరచాలి. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రికి తరలించడం. ఈ వరుస పిల్లలకు కంఠతా రావాలి. అపాయంలో పక్కనుండేది తోటి పిల్లలే.

జలుబు, దురదలకు వాడే కొన్ని అలర్జీ మాత్రలు చెమట పట్టకుండా చేస్తాయి. ఏకాగ్రత లోపానికి ఇచ్చే కొన్ని మందులు ఒంటి వేడిని పెంచుతాయి. మీ పిల్లలు ఏ మందు వాడుతున్నా ముందే డాక్టర్‌తో మాట్లాడండి. సొంతంగా ఆపేయవద్దు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ సూట్‌కేసులో కాదు, జేబులో ఉండాలి.

చెవులు మళ్లీ రావు

85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటల వరకు భరించవచ్చన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. డ్రమ్ముల మధ్య శబ్దం అంతకు చేరడం కష్టమేమీ కాదు. సంగీతకారుల కోసం చేసిన ఇయర్ ప్లగ్స్ స్వరం చెడకుండా శబ్దాన్ని తగ్గిస్తాయి. ఫీజుతో పోలిస్తే వాటి ఖర్చు లెక్కలోకి రాదు. సాధన తర్వాత చెవుల్లో గుయ్యిమంటే అది హెచ్చరిక.

సంతకం పెట్టే ముందు

బృందాన్ని ఈ ప్రశ్నలు అడగండి. టూర్ అంతా అథ్లెటిక్ ట్రైనర్ వెంట ఉంటారా? ఐసు నీళ్ల తొట్టి సిద్ధంగా ఉంటుందా? ఎండ ఎంత ముదిరితే సాధన ఆపుతారు? రాత్రి ప్రయాణం తర్వాత నిద్రకు ఎన్ని గంటలు ఇస్తారు? మధ్యలో గాయమైతే ఫీజులో ఎంత వెనక్కి వస్తుంది? విసుక్కోకుండా రాతపూర్వకంగా జవాబిచ్చే బృందాన్నే నమ్మండి. ఈ ప్రశ్నలకు ముఖం చాటేసే చోట ఎన్ని పతకాలున్నా పంపవద్దన్నది నా మాట.

మీ ఆరోగ్య బీమా వేరే రాష్ట్రాల్లో అత్యవసరం కాని చికిత్సకు పనికొస్తుందో లేదో కనుక్కోండి. ధనుర్వాతం, మెనింజైటిస్ టీకాలు వయసుకు తగ్గట్టు పూర్తయ్యాయో లేదో చూడండి. అందరూ ఒకేచోట పడుకునే జీవితం కదా.

ఆగమనడం శిక్ష కాదు

ఈ ఏడాది ఒళ్లు సిద్ధంగా లేకపోయినా, డబ్బు సరిపోకపోయినా ఆ మాట పిల్లలతో సూటిగా చెప్పండి. అంకెలు ముందు పెట్టి చెబితే పదహారేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. వచ్చే ఏడాదికి నెలనెలా ఎంత దాచాలో, ఎంత దూరం పరుగెత్తాలో వాళ్లతోనే రాయించండి. ఈలోగా స్కూలు బ్యాండ్ ఎలాగూ ఉంటుంది.

ఇక్కడున్న పెద్దవాళ్లకు ఒక మనవి. వేసవి ప్రయాణం తప్పిపోయిందని చిన్నబుచ్చుకోకండి, ‘డప్పు’ అని తేలిక చేయకండి. వారం వారం మీరు ఫోన్‌లో అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిద్ర పోతున్నావా? మూత్రం ఏ రంగులో ఉంది? కాలు ఎక్కడైనా నొప్పెడుతోందా? అమ్మానాన్నలకు చెప్పలేని నొప్పిని పిల్లలు అమ్మమ్మకు చెబుతారు. అది మీ చెవిన పడితే దాచకండి, ఆ రోజే వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి.