నానమ్మకు నాలుగు కుండీలు ఇవ్వండి



సాయంత్రం స్కూల్ వదిలే వేళకు గేటు దగ్గర ఎదురుచూసేవాళ్లలో చాలామంది తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలే. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కాబట్టి, మనవల కోసం ఊరు వదిలి వచ్చినవాళ్లు వాళ్లు. కొందరు పొలం కౌలుకిచ్చి వచ్చారు. కొందరు గేదెల్ని అమ్మేసి వచ్చారు. కొందరు 30 ఏళ్ల ఉద్యోగం నుంచి రిటైరై వచ్చారు. పిల్లలు కొత్త క్లాసులోకి వెళ్తే ‘అడ్జస్ట్ అవుతున్నారా మేడమ్?’ అని మీరు నన్ను అడుగుతారు. 65 ఏళ్ల వయసులో మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మారిన మనిషిని ఆ మాట అడిగేవాళ్లు తక్కువ.

నేను 5వ తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ఇంట్లో పెద్దవాళ్ల గురించి ఐదు వాక్యాలు రాయమంటే, ఎక్కువ నోట్‌బుక్కుల్లో రెండు వాక్యాలు తప్పకుండా ఉంటాయి. నానమ్మ టీవీ చూస్తుంది. తాతయ్య నన్ను స్కూల్ నుంచి తీసుకొస్తాడు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాళ్లు చూసిందే రాస్తారు. ఆ నానమ్మ ఒకప్పుడు ఇంటికి కావలసిన కూరంతా పెరట్లోనే పండించిందని, ఆకు వెనక్కి తిప్పి చూసి తెగులేమిటో చెప్పేదని వాళ్లకు తెలిసే దారి లేదు. ఆ పని చేస్తుండగా వాళ్లు ఆమెను ఎప్పుడూ చూడలేదు.

అందుకే నాదొక సూచన. ఈ సంవత్సరం మీ డాబా మీదో, బాల్కనీలోనో కూరగాయల మొక్కలు మొదలుపెట్టండి. కాలక్షేపం కోసం కాదు. ఆ తోట పెత్తనం పూర్తిగా పెద్దవాళ్లకు ఇవ్వండి. మీ అబ్బాయినో అమ్మాయినో వాళ్ల దగ్గర శిష్యరికానికి పెట్టండి.

మనం పెద్దవాళ్లతో ‘ఇక మీరు రెస్ట్ తీసుకోండి’ అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిలో పడే అలవాటున్న మనిషికి ఆ మాట ‘ఇక మీతో పని లేదు’ అన్నట్టు వినిపించవచ్చు. వాళ్లకు కావలసింది విశ్రాంతి ఒక్కటే కాదు. తమ మాట చెల్లే చోటు ఒకటి ఇంట్లో ఉండాలి. వంటింట్లో కోడలి పద్ధతి, హాల్లో కొడుకు పద్ధతి నడుస్తాయి. నాలుగు కుండీల దగ్గరైనా వాళ్ల పద్ధతి నడవనివ్వండి.

ఇప్పుడే ఎందుకంటే, మన స్కూళ్లు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. మృగశిర కార్తె వచ్చేదీ ఆ వారంలోనే. పిల్లలకు కొత్త పుస్తకాలు వచ్చే రోజుల్లోనే ఊళ్లో విత్తనాలు బయటికి తీస్తారు. ఈ సంగతి మీ తాతయ్యలకు నేను చెప్పక్కర్లేదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాత బకెట్లు, పెయింట్ డబ్బాలు, ఖాళీ బియ్యం సంచులు చాలు. అడుగున చిల్లులు పెట్టాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి, గుప్పెడు వేపపిండి వేయాలి. ఆరు గంటల ఎండ తగిలితే వంగ, బెండ, టమాటా వేసుకోవచ్చు. మూడు నాలుగు గంటలే ఎండ వచ్చే బాల్కనీ అయితే ఆకుకూరలు నయం. మెంతికూర, తోటకూర నెల రోజుల్లోపే కోతకు వస్తాయి. బెండకాయకు నెలన్నర పైన పడుతుంది. ఇప్పుడు పెట్టిన పందిరి చిక్కుడు మాత్రం పొద్దు తగ్గి చలి మొదలయ్యాకే పూతకు వస్తుంది. ప్రతి వారం టెస్టు, మర్నాడే మార్కులు చూసే మన పిల్లలు ఒక తీగ కోసం నాలుగైదు నెలలు ఆగడం కూడా నేర్చుకోవాలి.

పెద్దవాళ్ల చేతుల్లో ఉన్న విద్య ఇక్కడే బయటపడుతుంది. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. తోటకూర విత్తనాలు మరీ సన్నం కాబట్టి ఇసుకలో కలిపి చల్లాలి. వంగ, మిరప ముందు నారు పోసి తర్వాత నాటాలి. బీర, సొర గింజలు నేరుగా పెట్టాలి. ఇవన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి, నిజమే. కానీ మీ అబ్బాయి వేళ్లు పట్టుకుని ఎంత లోతుగా గింజ పెట్టాలో చూపించగలిగేది ఇంట్లో ఉన్న మనిషే.

బీర తీగ పూతకు వచ్చినప్పుడు గమనించండి. పువ్వుల్లో రెండు రకాలుంటాయి. ఒకదాని అడుగున చిన్న పిందె ఉంటుంది, రెండోదానికి ఉండదు. సాయంత్రం పూలు విచ్చుకున్నాక మగపువ్వు తెంపి పిందె ఉన్న పువ్వుకు అద్దితే కాయ నిలుస్తుంది. పిల్లవాడికి ‘పాలినేషన్’ అనే మాట తెలుసు. తాతయ్యకు ఏ పువ్వు ఏదో తెలుసు. ఇద్దరూ కలిస్తేనే ఆ పాఠం పూర్తవుతుంది.

ఇంట్లో కూడా ఇంగ్లీషులో మాట్లాడించండి అని మీతో చెప్పేది మేమే. ఆ మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కానీ కుండీల దగ్గర ఉన్నంతసేపు తెలుగే మాట్లాడనివ్వండి. పాదు, నారు, పిందె, కలుపు, పేనుబంక లాంటి మాటలు మా సిలబస్‌లో రావు. తన మాట మనవడికి అర్థం కావడం లేదని మెల్లగా మాట్లాడటమే మానేసిన నానమ్మలు మన ఇళ్లలో ఉన్నారు. ఒక అరగంట తెలుగు వల్ల మీ పిల్లల ఇంగ్లీషు పాడైపోదు. అది నా పూచీ.

‘పిల్లలకు టైం ఎక్కడుంది మేడమ్?’ అని మీరు అడుగుతారని తెలుసు. స్కూల్, హోంవర్క్, ఫౌండేషన్ క్లాసులు అన్నీ నాకూ తెలుసు. రోజూ పొద్దున నీళ్లు పోయడానికి 15 నిమిషాలు, ఆదివారం ఒక అరగంట, అంతే నేను అడిగేది.

కొన్ని జాగ్రత్తలు మాత్రం మీవే. తడిసిన మట్టితో నిండిన పెద్ద గ్రో బ్యాగ్ చాలా బరువుంటుంది. డాబా మధ్యలో కాకుండా బీములు ఉన్న చోట పెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడండి. మట్టి, ఎరువు మోసే పని మీరు చేయండి. మోకాళ్ల నొప్పులుంటే కుండీలు స్టాండు మీద ఎత్తులో పెట్టించండి. పిట్టగోడ దగ్గరకు పిల్లల్ని ఒంటరిగా పంపకండి.

ఇంకో రెండు మాటలు. దయచేసి దీన్ని ప్రాజెక్టు వర్క్‌గా మార్చకండి. చార్టు వద్దు, ఫొటో ఆల్బమ్ వద్దు, నేను మార్కులు వేయను. అలాగే మొక్కకు పేనుబంక పట్టినా, నారు ఎండిపోయినా మీరు మధ్యలో దూరకండి. ఆ ఇద్దరూ ఏదో ఒకటి ఆలోచించుకుంటారు. తోట పని ఇష్టం లేని పెద్దవాళ్లూ ఉంటారు. వాళ్లను బలవంతపెట్టకుండా, వాళ్లకు ఏ పని వచ్చో అదే మనవలకు నేర్పమనండి. కుట్టుపనైనా, లెక్కలైనా, పచ్చళ్లు పెట్టడమైనా సరే.

ఈ ఆదివారం మట్టి, ఎరువు తెచ్చి పెట్టండి. ఏ విత్తనాలు తేవాలో మాత్రం మీరు నిర్ణయించకండి. నానమ్మను అడగండి.