తీరిక వేళల కృషి యెవరి సొత్తు?

2020 వ సంవత్సరము మార్చి 25 వ తేదీని దేశమంతయు నొక్కసారిగా తలుపులు వేసికొనెను. అంగళ్లు మూతపడెను, రైళ్లు నిలిచిపోయెను, పొట్టచేత బట్టుకొని పట్టణములకు వచ్చిన కూలీలు కాలినడకను స్వగ్రామములకు మరలిరి. అట్టి కష్టకాలమున నింటిపట్టున నుండియే జీతము గడించుకొన గలిగినవారు అదృష్టవంతులు. సాఫ్టువేరు ఉద్యోగు లా కోవలోనివారు. వారిలో పలువురు కంపెనీపని ముగిసిన పిమ్మట తమకు దోచిన ప్రోగ్రాములను తమకై తాము వ్రాసికొన మొదలిడిరి. ఇది వట్టి కాలక్షేపమని కొందఱు నవ్విరి. మే మట్లు తలపజాలము.

ఆ తీరిక వేళల కృషి ఫలమెట్టిదో చూడుడు. 2020 మార్చిలో కొందఱు వాలంటీర్లు 'కోవిడ్19ఇండియా' యను వెబ్‌సైటును నెలకొల్పిరి. ఒక్కొక్క రాష్ట్ర ప్రభుత్వ మొక్కొక్క తీరున బ్రకటించు రోగుల లెక్కలను వారు ప్రతిదినమును ఏర్చి కూర్చి, జిల్లాలవారీగ ప్రజల ముందుంచిరి. లెక్కలనేగాక, ప్రోగ్రాము మూలమును సైత మెల్లరకు బహిరంగ మొనర్చిరి. పత్రికలును పరిశోధకులును వానిని వాడుకొనిరి. 2021 అక్టోబరు 31 వ తేదీతో ఆ సేవ ముగిసెను. దానికై వారు జీతము గోరలేదు. అమెరికాలో జోష్ వార్డ్‌ల్ అను ఇంజనీరు తన సహచరి వినోదమునకై కల్పించిన 'వర్డ్‌ల్' అను మాటలాటను 2021 నవంబరు 1 వ తేదీని ఆడినవారు తొంబదిమంది. రెండుమాసములు గడచునప్పటికి మూడులక్షలమంది! 2022 జనవరిలో 'న్యూయార్కు టైమ్సు' పత్రిక పదిలక్షల డాలర్లకు దక్కువగాని వెలనిచ్చి దానిని గొనెను.

తెలుగువారి కిట్టి కృషి క్రొత్తది గాదు. కంప్యూటరుపై మన లిపి కనబడుట కేవలము కంపెనీల దయవలన జరిగినది గాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున మనవారు కల్పించిన లిప్యంతరీకరణ పద్ధతియు, ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయనిచ్చు 'లేఖిని'యు భాషాభిమానుల స్వచ్ఛంద కృషి ఫలములే గదా!

ఇంతవఱకు సంతోషమే. కాని న్యాయవాది యడుగక తప్పని ప్రశ్న యొకటి కలదు: ఆ ప్రోగ్రాము ఎవరి సొత్తు? 1957 వ సంవత్సరపు కాపీరైటు చట్టము ప్రకారము కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్యరచనగ నెన్నబడును. ఉద్యోగక్రమమున సేవకుడు వ్రాసినది, వేఱొడంబడిక లేనిచో, యజమానికే చెందునని 17 వ సెక్షను విధించుచున్నది. ఇది న్యాయమే. జీతమిచ్చి చేయించుకొన్న పని జీతమిచ్చినవానిదే. అయితే 'ఉద్యోగక్రమము' ఎచ్చట ముగియును? పూర్వము కచేరి గోడలు, కచేరి వేళలు పొలిమేర రాళ్లవలె నుండెను. నిర్బంధకాల మా రాళ్లను బెఱికివేసెను. బల్ల యొక్కటే, ల్యాప్‌టాపు ఒక్కటే. రాత్రి తొమ్మిదింటివఱకు కంపెనీపని, పదింటినుండి స్వంతపని. దీనికి దోడు, ఉద్యోగకాలమున నేవేళ, నేవిషయమున గల్పించినదైనను కంపెనీకే చెందునను షరతు గల నియామకపత్రములును గలవు. ఉద్యోగము దొరకిన సంతోషమున ఆ పుటలను జదివి సంతకము చేయువారెందఱు?

ఇట్టి వివాదము మన ధర్మశాస్త్రమున కపరిచితము గాదు. సమష్టి కుటుంబపు ధనముతో జదువుకొన్నవాడు పిదప గడించిన ధనము స్వార్జితమా, అవిభక్తమా యని మన పెద్దలు తరతరములు వాదులాడిరి. 1921 లో గోకుల్ చందు వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలువారు, కుటుంబద్రవ్యముతో ప్రత్యేకవిద్య గఱచి సివిల్ సర్వీసున జేరినవాని యార్జనము సైతము ఉమ్మడిసొత్తే యని తీర్పు జెప్పిరి. దేశమున విద్యావంతు లసంతృప్తి జెందిరి. శ్రీ ఎం. ఆర్. జయకర్ గారి కృషి ఫలముగ 1930 లో హిందూ విద్యార్జిత ధన చట్టము వెలువడి, విద్యవలన గడించినది స్వార్జితమే యని తేల్చెను. కన్న తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఖర్చుపెట్టి చదివించినను విద్యాఫలము విద్యావంతునిదే యని శాసనమొప్పుకొనగా, నెలజీతమిచ్చు కంపెనీ వాని నిద్రవేళల యూహలపై సైతము హక్కు గోరుట యెట్లు పొసగును?

కంపెనీలవారి వాదము లేకపోలేదు. మా రహస్యములు తెలిసికొని మాకే పోటీగ నిలుచునేని మా గతి యేమందురు. ఆ భయము నిరాధారము గాదు. కావున యజమాని వ్యాపారమునకు సంబంధించినదానిని, యజమాని పరికరములతో గాని రహస్యములతో గాని చేసినదానిని యజమానికే విడువవచ్చును. తక్కినదానిపై మాత్ర మాతనికి చేయి యుండరాదు. కాలిఫోర్నియా రాష్ట్రమువారు 1979 లోనే యిట్టి శాసనము గావించిరి. తన కాలమున, తన సామగ్రితో, యజమాని వ్యాపారముతో సంబంధము లేకుండ ఉద్యోగి కల్పించిన నూతనకల్పనను ఒడంబడిక పేర లాగికొనుట అచ్చట చెల్లదు. అందువలన నా రాష్ట్రమున కంప్యూటరు పరిశ్రమ మూలబడెనా? లోకమునందలి ఘనమైన కంపెనీలకు బుట్టినిల్లయ్యెను!

మన దేశమున నట్టి స్పష్టమైన శాసనము లేదు. హైదరాబాదు, బెంగుళూరు నగరములలో లక్షలకొలది యువకు లీ వృత్తిపై బ్రతుకుచుండగా శాసనకర్తలు దీనిని ఉపేక్షించుట తగదు. ఉద్యోగులును తమవంతు జాగ్రత్త వహింపవలెను. నియామకపత్రమును సంతకమునకు ముందే చదువుడు. స్వంతపనికి స్వంతయంత్రమునే వాడుడు. సందేహమున్నచో యజమాని యనుమతిని వ్రాతమూలముగ బొందుడు.

రేపు మఱియొక యుపద్రవము రాకపోదు. అప్పుడు లెక్కలు గూర్చుటకు, ఆసుపత్రిలో మంచమెచ్చట దొరకునో చెప్పుటకు, నేర్పుగల యువకుడు ముందుకు రావలెనన్నచో, తన కృషి తనదే యను ధైర్య మాతనికుండవలెను. అతడు తన పగటిని అమ్ముకొనెను గాని తన బుద్ధిని తాకట్టు పెట్టలేదు.