న్యాయవిషయాలు: ప్లీడరు గదిలో మొదటి గంట

మన సంఘ కుటుంబాలలోని పిల్లలు కొందరు లా పూర్తిచేసి కుటుంబ న్యాయస్థానాలలో ప్రాక్టీసు పెడుతున్నారు. సంతోషమే. సెక్షన్లు కాలేజీలో వస్తవి; ఆఫీసు నడపడం మాత్రం సీనియరు దగ్గర కూర్చుని పట్టుకోవలసిందే.

మనోవర్తి అర్జీనే చూడండి. ఉభయపక్షాలూ ఆస్తి అప్పుల అఫిడవిట్టు దాఖలు చేయవలెనని 2020లో రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఎదుటివారికి 4 వారాల గడువు. అవి అందిన పిమ్మట 4 నుంచి 6 నెలలలో మధ్యంతర మనోవర్తి తేల్చడానికి ప్రయత్నించమన్నది. తీరా మన అఫిడవిట్టే సగం ఖాళీగా ఉంటే వాయిదా తప్పదు. అర్జీ తేదీ నుంచే బాకీ లెక్క కట్టిస్తారు, నిజమే. కాని బిడ్డ స్కూలు ఫీజు తల్లి ఈ జూనులోనే కట్టవలెను గదా!

కనుక జీతం చీటీ, పాసుబుక్కు, అద్దె రసీదు, ఫీజు రసీదులు, అప్పు పత్రాలు - ఈ జాబితా మొదటి రోజునే వ్రాసి చేతికివ్వండి. నోటితో చెబితే గుమ్మం దాటేలోగా మరచిపోతారు. ఏడుస్తూ వచ్చినవారు మరీను.

మన ఇళ్ళలో తెలుగు, కోర్టు కాగితాలలో ఇంగ్లీషో, తమిళమో, కన్నడమో. అందుచేత సంతకానికి ముందు ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించండి. ప్రమాణం చేసేది ఆమె, మీరు కాదు.

గొంతు చించుకొని వాదించేవారికి ఇక్కడ పని తక్కువ. 1984 నాటి చట్టం 9వ సెక్షను ప్రకారం వీలున్నచోట రాజీకి ప్రయత్నించడం కోర్టు విధి. 13వ సెక్షను ప్రకారం ప్లీడరును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కుగా రాదు. మొదటి వాయిదాకు ముందే అనుమతి అర్జీ సిద్ధం చేసుకోండి.