ఒక ఫేజు పోతే...

పల్నాడులోని కారంపూడి చుట్టుపక్కల మిరప, పత్తి వేసే రైతుకు మోటారు తిరక్కుండా గుర్రుమంటే ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ఒక ఫేజు పోయింది. వెంటనే స్టార్టర్ కట్టేస్తాడు. ఆలస్యమైతే వైండింగ్ కాలి, రీవైండింగ్ షాపులో వేలు వదులుతాయి.

ఆ రైతు కొడుకే ఇంజనీరింగ్‌లో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) బ్రాంచిలో చేరాడనుకుందాం. మొదటి ఏడాది పూర్తయ్యేసరికి 120 డిగ్రీల తేడాతో మూడు ఫేజర్లు గీస్తాడు, వాటి మొత్తం సున్నా అని నిరూపిస్తాడు. ఇంట్లో మోటారు ఎందుకు గుర్రుమందో చెప్పమంటే మాత్రం తడబడతాడు. తప్పు వాడిది కాదు.

నిజానికి జవాబు వాడు గీసిన బొమ్మలోనే ఉంది. మూడు ఫేజులూ అందితేనే మోటారులో అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది. ఒకటి తెగితే ఉన్నచోటే ఊగుతుంది, ఆగి ఉన్న మోటారు కదలదు. అప్పటికే నడుస్తున్నదైతే ప్రమాదం చప్పున తెలియదు. నీళ్లు తోడుతూనే ఉంటుంది కానీ మిగిలిన రెండు తీగల్లో కరెంటు సుమారు 1.73 రెట్లకు పెరుగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరిగేది కనుక, స్టార్ కనెక్షన్ మోటారులో ఆ రెండు చుట్లలో అది మూడు రెట్లవుతుంది. లో వోల్టేజీ కథా ఇలాంటిదే. వోల్టేజీ 20 శాతం తగ్గితే మోటారు తిప్పే బలం 64 శాతానికి పడిపోతుంది.

కాబట్టి లెక్కలు తగ్గించమనడం పరిష్కారం కాదు. 1893లో విద్యుత్ ఇంజనీరు స్టైన్‌మెట్జ్ సంకీర్ణ సంఖ్యలతో ఏసీ సర్క్యూట్లను లెక్కగట్టే పద్ధతి చూపాకే, అవకలన సమీకరణాలతో కుస్తీ పట్టే పని మామూలు బీజగణితంగా మారింది. ఆ సంఖ్యల్లో కనిపించే, పిల్లలు విసుక్కునే ‘జె’ ఇంజనీరు శ్రమ తగ్గించడానికి వచ్చిందే. ఆ సంగతి చెప్పకుండా సూత్రం బోర్డు మీద రాసేస్తే బట్టీ పట్టక ఏం చేస్తారు? ఈఏపీసెట్‌ (ఒకప్పటి ఎంసెట్)లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు గురిపెట్టి వచ్చినవాళ్లకు ఆ విద్య కొత్తేమీ కాదు.

ల్యాబులోనూ అంతే. థెవెనిన్ సిద్ధాంతానికి రీడింగులు కుదరకపోతే సీనియర్ రికార్డు ఉండనే ఉంది. ఇండక్షన్ మోటారు లోతుగా వచ్చేది రెండో ఏడాదిలో. పాలిటెక్నిక్ చదివి ఈసెట్‌తో నేరుగా ఆ ఏడాదిలో చేరేవారిది తిరగబడిన కష్టం: స్టార్టర్ విప్పి బిగించగలరు, గణితం దగ్గర ఆగిపోతారు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టే ప్రయోగం కావాలి.

అది 5 హెచ్‌పీ పంపు మోటారే కావచ్చు. 415 వోల్టుల దగ్గర, పవర్ ఫ్యాక్టర్ 0.8, సామర్థ్యం 85 శాతం అనుకుంటే పూర్తి లోడు మీద దాదాపు 7.6 ఆంపియర్లు రావాలి. ముందు లెక్కగట్టాలి, తర్వాత కొలవాలి, తేడా వస్తే వెతకాలి. కెపాసిటర్ కలిపితే లైను కరెంటు ఎందుకు తగ్గిందో ఫేజర్ గీసి చూపాలి. 2004లో ఉచిత విద్యుత్ వచ్చాక రైతులను కెపాసిటర్లు పెట్టుకోమన్నది ప్రభుత్వమే. అదెందుకో చెప్పగలిగేవాడు ఊరికో ఇంజనీరైనా ఉండొద్దా?

ప్రమాదం అంటారు కొందరు. అధ్యాపకుడు పక్కన ఉండి, సరైన రక్షణ పరికరాలతో చేయించడానికే కదా ల్యాబు! 2016లో నరసరావుపేటలో ప్రారంభమైన జేఎన్‌టీయూ కాకినాడ కళాశాలకు పల్నాడు పొలాలు దూరమేమీ కాదు. సిలబస్ మార్చుకునే వెసులుబాటున్న అటానమస్ కళాశాలలైతే విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడకుండా వచ్చే విద్యా సంవత్సరం నుంచే రెండో ఏడాది మొదటి సెమిస్టర్ ల్యాబులో ఈ ప్రయోగం చేర్చాలి.