గృహవిజ్ఞానము: చేపల తొట్టెకు ఇంట చేసికొను దీపము



వేసవి వచ్చినంతనే మన పల్నాటి ఇండ్లలో కిటికీ తలుపులు మూతపడును. రెంటచింతల యెండల ప్రఖ్యాతి నెరిగినవారికి ఇది వింతగా తోచదు. మనకు చల్లదనము నిచ్చు ఆ చీకటియే గాజుతొట్టెలోని నీటిమొక్కల ఉసురు తీయుచున్నది. ఈ సంగతిని పోయిన వేసవిలో మేము నష్టపడి నేర్చుకొంటిమి.

మా చిన్నపిల్ల ముచ్చటపడగా, నరసరావుపేటలోని మా యింట నొక తొట్టె నుంచి, నాచుమొక్కలు నాటి, గప్పీ చేపలను విడిచితిమి. మొదట కిటికీకడ పెట్టగా ఎండకు నీరు ఆకుపసరువలె పచ్చబడెను. లోపలి గదికి మార్చగా ఆకులు పండి కుళ్లసాగెను. అంతట పాత తీగెబల్బు నొకదానిని తొట్టెపై వ్రేలాడదీసితిమి. మూడవనాటికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను, రెండు చచ్చెను. పిల్ల ఆ పూట అన్నము ముట్టలేదు. తప్పు మాదే.

కారణము విచారింతము. నీట మునిగిన మొక్క వెలుతురు సోకినప్పుడే ప్రాణవాయువును బుడగలుగా విడుచునని ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు 1779లో ప్రకటించెను. చీకటిలో అదియు మనవలెనే ప్రాణవాయువును పీల్చును. నీరు వేడెక్కినకొలది అందు ఇముడు ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీలకడ లీటరునకు సుమారు 9 మిల్లిగ్రాములు, 30 డిగ్రీలకడ ఏడున్నరయే. తీగెబల్బు తాను గ్రహించు విద్యుత్తులో నూటికి తొంబది వంతులకు పైగా వేడిగానే విడుచును. ఎల్.ఇ.డి. బల్బు అంత వెలుతురును మిక్కిలి తక్కువ విద్యుత్తుతో నిచ్చును. కావున మనకు తగినది అదియే.

ఇక చేయు విధము. రెండడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు ఎత్తును గల తొట్టెలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. దానికి సరిపోవునట్లు అడుగుచెక్క లేని పెట్టె నొకదానిని పాత పలకలతో చేయింపవలెను. లోపల తెల్లరంగు పూసినచో వెలుతురు వృథాపోక క్రిందికి మరలును. పైచెక్కకు రెండు హోల్డర్లు బిగించి 7 వాట్ల బల్బులను పెట్టవలెను. డబ్బాపై 6500కె అని యున్న తెల్లని బల్బులు మేలు. వేడి పోవుటకు ప్రక్కల రంధ్రములు పెట్టింపుడు. తొట్టెపై గాలి యాడుటకు కొంత సందు విడిచి గాజుపలక పరచి, దానిపై పెట్టె నిలిపినచో నీటియావిరి బల్బులకు తగులదు.

ఒక్కమాట మరువరాదు. నీరును విద్యుత్తును ఒకచోట చేరిన యెడల ప్రాణాపాయము. వైరింగును పని తెలిసినవానిచేతనే చేయింపవలెను. తీగె ప్లగ్గుకంటె క్రిందికి వంపుగా వ్రేలాడి పైకి పోవలెను. అప్పుడు జారిన నీటిబొట్టు ఆ వంపుననే రాలును. ప్లగ్గు ఊడదీయక తొట్టెలో చేయి పెట్టరాదు. ఇంటికి 30 మిల్లీయాంపియర్ల ఆర్.సి.సి.బి. లేనిచో ముందు దానిని పెట్టించి, పిదప ఈ ముచ్చట తీర్చుకొనుడు.

దీపమును మొదట దినమునకు 6 గంటలు వెలిగింపుడు. గాజునకు పాచి పట్టకున్న యెడల 8 గంటలకు పెంచవచ్చును. అంతకు మించినచో మొక్కకంటె పాచియే ముందు పెరుగును. 8 గంటలు వెలిగించినను నెలకు మూడున్నర యూనిట్లు మించదు. నడుమ కరెంటు పోయినను మొక్కలకు హాని లేదు.

మన సున్నపురాతి నేల బావినీరు కఠినమైనదని దిగులుపడ నక్కరలేదు. హైడ్రిల్లా, వాలిస్‌నేరియా అను మొక్కలు అట్టి నీటిలోని బైకార్బొనేటునుండియు తమ ఆహారమును తీసికొనగలవు. రాత్రివేళ మొక్కలును ప్రాణవాయువును వాడుకొనును గాన చేపలను కొలదిగానే ఉంచుడు.

ఇప్పుడు మా యింట దీపము వెలిగించిన పిమ్మట మొదటి బుడగను ఎవరు చూతురా యని పిల్లలు పందెము వేసికొనుచున్నారు. గెలుచునది తరచుగా ఆ చిన్నదియే.